మేలుకోని మానిటర్

సూళ్లూరుపేట బస్టాండు వెనక సందులో ఉండాది హరినాథ్ డీటీపీ షాపు. కార్తీక మాసం ముసురు. మధ్యాహ్నం మూడుకే సందంతా మసక కమ్మింది. లోపల చెమ్మగిలిన కాగితం వాసన, సిరా వాసన. గోడవార స్టూలు మీద దేవకమ్మ ముడుచుకొని కూర్చుంది. ఈ షాపులోనే టైపు కొట్టే మొగుడు జయచంద్ర పోయి తొమ్మిది దినాలు. కర్మాంతరం కార్డు మీద ఫోటో సరిగా వచ్చిందో లేదో చూసుకోమని మరిది హరినాథ్ పిలిపించినాడు.

చూద్దామంటే మానిటర్ లేవదు. పది నిమిషాలు ఊరికే వదిలితే నల్లబడిపోతుంది, ఇంక మౌస్ కదిపినా పలకదు. అంతా ఆపి మళ్లీ వేస్తేనే వస్తుంది. తొమ్మిది దినాలుగా ఇదే గోలని తడ ఊరి నుంచి మెకానిక్ మోహన్‌ని రప్పించినాడు.

తొమ్మిది దినాలన్న మాట దేవకమ్మకు ముల్లులా దిగింది. ప్రాణం పోయిన చోట దీపం, చెంబుతో నీళ్లు పెట్టి పదకొండు దినాలు కాచుకోవాలి. ఆసుపత్రిలో పోయినాడు, ఆడ దీపమెట్లా పెడతామని మరిది అంటే ఇంట్లోనే పెట్టింది. గాలి లేకున్నా అది రోజూ ఆరిపోతా ఉండాది. ఆయన నిజంగా యాడ పోయినాడు? ఆ ఒక్కటి తెలిస్తే చాలు ఆమెకు. అడిగేదానికే నోరు రాలేదు.

మానిటర్ నిద్రపోయేది కళ్లారా చూడాలి, ఎవరూ ముట్టొద్దన్నాడు మోహన్. ముగ్గురూ కూర్చున్నారు. రేకు మీద వాన చప్పుడు. హరినాథ్ చెయ్యి రెండుసార్లు మౌస్ మీదికి పోయింది.

"నిద్రపోతే నిన్నేమన్నా కొరుకుతుందా అన్నా?" అన్నాడు మోహన్.

హరినాథ్ చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

తెర నల్లబడింది.

మోహన్ మౌస్ కదిపినాడు. కీబోర్డు మీటలు నొక్కినాడు. వైరు మార్చినాడు. పక్క బల్ల మీది మానిటర్ తెచ్చి తగిలించినాడు. అదీ నలుపే... రెండూ ఒకేసారి చెడవు గదా అని గొణిగినాడు. అప్పుడే వాసన తగిలింది. జయచంద్ర రొమ్ముకు రాసుకునే నొప్పుల మందు వాసన.

దేవకమ్మ లేచింది. ఎన్నడూ ముట్టని ఆ మీటల మీద, జ్వరం చూసినట్టు అరచెయ్యి ఆనించింది.

తెర వెలిగింది.

కార్డు లేదు. తెల్లటి తెర నిండా ఒకటే మాట. ఐదో తరగతి చదువు ఆమెది. వేలు పెట్టి కూడబలుక్కుంది.

హరీ షట్టర్ తియ్యి
హరీ షట్టర్ తియ్యి
హరీ షట్ట

"ఆపెయ్ మోహనా," అన్నాడు హరినాథ్. మోహన్ కదల్లేదు.

"బయట తాళమేసి పోయినావా?" అందామె మెల్లగా.

పెళ్లికార్డుల రద్దీలో ఎవరూ విసిగించకుండా అన్నను లోపల పెట్టి తాళమేసేది ఎప్పుడూ ఉండేదేనన్నాడు హరినాథ్. ఆ పొద్దు తాను సినిమాకు పోయినాడంట. తిరిగొచ్చి తీస్తే అన్న మీటల మీద తల వాల్చి ఉన్నాడంట. చావు జరిగిన షాపులో పెళ్లికార్డు ఎవరు కొట్టించుకుంటారు వదినా, అందుకే ఆసుపత్రి అన్నాను, అని నేల చూసినాడు.

దేవకమ్మ మరిది వైపు తిరిగింది.

"తొమ్మిది దినాలు ఒట్టి నేలకు దీపం పెట్టించినావు నా చేత."

తెర మీద చిన్న గీత మినుకుమంటా ఉండాది. మోహన్ మీటల పలక వైరు పీకి చేతిలో పట్టుకున్నాడు. అయినా అక్షరాలు పడినాయి.

దేవకీ

"షట్టర్ తీసే ఉండాది," గుసగుసగా అందామె. "నేనొచ్చినాను గదా... ఇంటికి పోదాం రా."

బయట వాన నిలిచింది. తర్వాత ఒక్కొక్క అక్షరమే... ఆగి ఆగి...

వస్తాను. ముందు, ఆ పొద్దు తాళం పడినప్పటి నుంచి నా వెనక కూర్చునుండేది ఎవరో చూసి చెప్పు.