ఆమోదం కోసం ఆగిన మెయిళ్ళు

చంద్రికకు స్పామ్ అంటే ఒళ్ళు జలదరించేంత అసహ్యం. మగతనం మాత్రలు, తగలని లాటరీలు, ఎవడో పరాయి దేశపు రాజుగారి ఆస్తి... రోజంతా ఆ చెత్త ఎత్తిపోసి, ఇంటికెళ్ళే ముందు మౌస్‌ని డెటాల్ గుడ్డతో తుడిచే మనిషి. తెనాలి వైపు నుంచి వచ్చి పీర్జాదిగూడలో ఫ్లాటు కొనుక్కుంది. నాచారంలో ఒక చిన్న కంపెనీలో మెయిల్ సర్వర్లు చూస్తుంది.

వాటిలో ఒకదానిమీద ఓ మెయిలింగ్ లిస్టు ఉంది. మూతపడ్డ రంగుల ఫ్యాక్టరీలో పనిచేసి దిగిపోయిన నాలుగు వందల మంది కార్మికులది. పింఛను కేసు కాగితాలు వకీలు దానికే పంపుతాడు కాబట్టి వాట్సాప్ రోజుల్లోనూ అది బతికుంది. లిస్టులో ఉన్న అడ్రసు నుంచి మెయిల్ వస్తే నేరుగా అందరికీ పోతుంది. కొత్త అడ్రసు నుంచి వస్తే ఆగుతుంది. చంద్రిక చదివి ఆమోదిస్తేనే కదులుతుంది. రోజుకు మూడు వందలు ఆగేవి. చదవడం ఆమె ఎప్పుడో మానేసింది. అన్నిటికీ ఒకేసారి టిక్కు పెట్టి, 'తొలగించు' నొక్కి, చెయ్యి తుడుచుకునేది.

కిందటి నెల ఆ లిస్టులోని పోశయ్య ఉప్పల్‌లో తను ఒంటరిగా ఉండే గదిలో చచ్చిపోయాడు. వాసన వస్తేగాని ఎవరికీ తెలియలేదు. కిటికీలోంచి చెయ్యి పెట్టి గడియ తీశారు. కూతురు సంతోషి నారపల్లి నుంచి వెతుక్కుంటూ చంద్రిక ఆఫీసుకొచ్చింది.

"కొట్లాడి పదిదినాలు ఫోన్ జెయ్యలేదక్కా నేను. ఆయన ఫోన్‌ల రీచార్జి లేకుండె. పక్కింటోల్ల వైఫైతోని మెయిల్ కొట్టుడు కొత్తగ నేర్సుకుండు. గ్రూపుకు ఏమన్న రాసిండా?"

"రాలేదమ్మా," అంది చంద్రిక. చూడకుండానే అంది.

సాయంత్రం తొలగించినవాటి చిట్టా తీసింది. కొత్త ఫోనుతో కొత్త అడ్రసు, లిస్టులో ఉన్నది కాదు. పోశయ్య పేరుతో పదకొండు మెయిళ్ళు. విషయం గడి ఖాళీ. తను అన్నీ పారేసింది. చిట్టాలో ఆ పదకొండు వరసలూ చెరిపేసింది. ఇక ఎవరికీ తెలిసే దారి లేదు.

ఆదివారం మధ్యాహ్నం సర్వర్ మీదికి స్పామ్ వరదలా వచ్చిపడితే, చంద్రిక ఒక్కతే ఆఫీసుకొచ్చింది. బయట ముసురు. మూడింటికే చీకటి కమ్మింది. కార్పెట్ చెమ్మవాసన, ఏసీ గురగుర తప్ప ఏమీ లేవు. ఆరువందల పదకొండు మెయిళ్ళు ఆగి ఉన్నాయి. టిక్కు పెట్టింది. తొలగించింది. ఒక్కటి మిగిలింది.

పోశయ్య అడ్రసు. విషయం ఖాళీ.

మొదటిసారి తెరిచింది. ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టిన తెలుగు. "జరం ఎక్కువైంది. కాలు లేస్తలేదు. నీల్లు అందుతలేవు. ఎవలన్న రాండ్రి."

ఎక్కడినుంచో వాసన మొదలైంది. తియ్యగా, జిడ్డుగా, మురిగిన పనసతొనల వాసన. చంద్రిక చున్నీ ముక్కుకు అడ్డం పెట్టుకుని తొలగించింది. మళ్ళీ వచ్చింది.

"ఈగలు నోట్లెకు వస్తున్నయి. ఊదుతున్న. పోతలేవు."

తొలగించింది. అడ్రసుని నిషేధించింది. ఎక్కడినుంచి వస్తోందో చూసింది. బయటినుంచి కాదు. ఈ సర్వర్లోనే పుడుతోంది. ఇంటర్నెట్ కేబుల్ పీకేసింది.

"ఇప్పుడు ఊదుతలేను."

వాసన గొంతులోకి దిగింది... నాలుక మీద పూతలా పట్టింది. చంద్రిక చెత్తబుట్టలోకి వాంతి చేసుకుంది. ఇన్నాళ్ళూ స్పామ్ పంపేవాళ్ళను పురుగులనుకుంది. మంచమ్మీద ఒక మనిషి పదకొండుసార్లు అడిగితే పదకొండుసార్లు తుడిచి పారేసిన చెయ్యి మాత్రం తనది. డెటాల్ గుడ్డ తీసి ఆ చేతినే తుడుచుకుంది.

తెర మీద ఇంకొకటి వచ్చింది. "సదువుతున్నవా, బిడ్డా..."

కేబుల్ పెట్టింది. తొలగింపుల బుట్టలోంచి ఇందాకటి మొదటి మెయిల్ వెనక్కి తెచ్చింది. పైన ఒక వాక్యం చేర్చింది: 'సర్వర్ లోపం వల్ల ఈ మెయిల్ ఆలస్యమైంది.' అంతకన్నా రాయడానికి వేళ్ళు రాలేదు. నిజం రాస్తే ఉద్యోగం పోతుంది. అంతకంటే, సంతోషి ముఖం చూడాల్సి వస్తుంది. ఆమోదించింది.

వాసన ఠక్కున పోయింది. ఏసీ గురగుర మళ్ళీ వినిపించింది. చంద్రిక టేబుల్ మీద తల వాల్చి ఏడ్చింది. బతికిపోయాననుకుంది.

అరగంటకు ఫోను మోగింది. కార్మికుల సంఘం అధ్యక్షుడు బిక్షపతి. పోశయ్య ఉన్న గల్లీలోనే ఉంటాడు.

"అమ్మా, పోశిగాని మెయిల్ జూస్తే పానం ఆగలే. గదికాడికొచ్చిన. ఓనరు బయటి తాళం తీసిండు. లోపలి దిక్కు గడియ పెట్టుంది."

"లోపల ఎవరూ ఉండరు కదండీ."

"ఉన్నరు," అన్నాడు బిక్షపతి, గొంతు తగ్గించి. "నీల్లు అడుగుతున్నరు. పోశిగాని గొంతు గాదు. ఆడమనిషి. నీ లెక్కనే, గుంటూరు దిక్కు మాట... అచ్చం నీ లెక్కనే."

"నేనిక్కడే ఉన్నానండీ. నాచారంలో. ఆఫీసులో."

"హలో?"

"వినిపిస్తోందా? నేను చంద్రికని..."

"హలో... ఏం వినొస్తలేదు." ఫోను పెట్టేశాడు.

చంద్రిక తిరిగి చేసింది. ఎత్తాడు. వెనక వాన చప్పుడు, మనుషుల గుసగుసలు. ఆమె అరిచింది. అబద్ధం చెప్పానంది. మెయిళ్ళన్నీ నేనే పారేశానంది. తలుపు తెరవమంది. సంతోషిని పిలవమంది.

"ఎవలే?" అన్నారెవరో అవతల.

"ఏమో. వట్టి గరగర. లోన్లిచ్చేటోల్లయి ఉంటరు, ఊకె జేస్తున్రు," అన్నాడు బిక్షపతి. "లోపల గాలో ధూలో... మనకెందుకు. తాళం ఎయ్యి. పోదాం పాండ్రి."

లైను తెగింది.

వెంటనే, చంద్రిక వెనక ఆఫీసు తలుపు దగ్గర, ఇనప గడియ మెల్లగా జరిగి పడిన చప్పుడైంది. అది అద్దాల తలుపు. దానికి గడియ లేదు.