ఒడిపట్టీల బస్సు

మధురవాడ కొండవాలు కాలనీలో స్కూలు బస్సు ఆగి చాలాసేపయింది. కదలడం లేదు. డ్రైవరు లేకుండా నడిచే బస్సది. "ఆరో సీటులో ఒడిపట్టీ పెట్టుకోలేదు. పెట్టుకోగానే బయల్దేరుదాం," అని మెత్తని గొంతుతో చెప్పిందే చెబుతోంది. ఆరో సీటు తుషారది. కింద నిలబడ్డ ఆమె తండ్రి చక్రపాణి ముఖం పక్కకు తిప్పుకున్నాడు. పట్టీ వద్దని అతను కూతురికి చెప్పలేదు. పెట్టుకోమనీ చెప్పలేదు.

చివరికి పక్క సీటు పిల్ల బతిమాలి పెట్టించింది. పట్టీ తుషార బరువునూ ఊపిరినీ పసిగట్టి, ఒళ్లో కూర్చోబెట్టుకున్నట్టు ఆమెను మెత్తగా చుట్టుకుంది. బస్సు కదిలింది.

అంతకుముందు ఈ పట్టీల మీద తల్లిదండ్రుల సభలో పెద్ద వాదనే నడిచింది. తప్పనిసరి చేయాలని పట్టుబట్టింది సంఘం అధ్యక్షురాలు కరీమున్నీసా. బస్సులు తమంతట తామే నడవడం మొదలయ్యాక ప్రమాదాల మాటే వినబడటం లేదు కదా అన్నాడు చక్రపాణి.

"బస్సు తప్పు చేయదు, ఒప్పుకుంటాను. అడ్డమొచ్చే గేదెకి ఆ సంగతి తెలియదు కదండీ," అందావిడ.

సభంతా నవ్వింది. చక్రపాణీ నవ్వాడు గానీ పట్టు వదల్లేదు. బడిలో పాఠాలు, ఇంటికొస్తే మళ్లీ పాఠాలు. పిల్లలు ఒకరి మీద ఒకరు పడి అల్లరి చేసేది ఆ బస్సులోనే. అక్కడా కట్టిపడేస్తే వాళ్లకిక ఏం మిగులుతుందని అతని బాధ. ఎక్కువమంది చేతులు కరీమున్నీసా వైపే లేచాయి.

చక్రపాణి సముద్రపు నీటిని మంచినీరుగా మార్చే కేంద్రంలో పని చేస్తాడు. అతను ఇల్లు చేరేసరికి తుషార బస్సులో ఎగిరి దూకి అలిసిపోయి, అన్నం ముద్ద నోట్లో ఉండగానే నిద్రపోయేది. పట్టీలొచ్చిన కొన్నాళ్లకు ఒక రాత్రి అతను తలుపు తీస్తే కర్టెన్ వెనక నుంచి కిసుక్కున తుషార నవ్వు వినిపించింది.

భార్య శశిరేఖ చెప్పింది. తిరుగు ప్రయాణంలో పిల్లలంతా పట్టీల్లో హాయిగా నిద్రపోతున్నారట. ఆ రోజు నిజంగానే గేదె అడ్డమొచ్చి బస్సు ఉన్నపళంగా ఆగిందట. పట్టీలు ఒక్క క్షణం బిగిసి వదిలాయి. ఎవరికీ గీతైనా పడలేదు. సగంమంది నిద్రే లేవలేదు.

చక్రపాణి కర్టెన్ దగ్గరికి వెళ్లి, ఏమీ కనబడనట్టు వెతకడం మొదలుపెట్టాడు.

పట్టీలు చేసినవాళ్లు కుదుపుల గురించి ఆలోచించారు గానీ, నిద్ర తీరిన పిల్లల గురించి ఆలోచించలేదు. కాలనీలో ప్రతి ఇంట్లోనూ అదే తంతు. తర్వాతి సభకు కరీమున్నీసా కళ్లు గుంటలు పడి వచ్చింది. వాళ్ల అబ్బాయి ఎంతకీ పడుకోవడం లేదట. పట్టీలు ఉండాల్సిందే గానీ, నిద్ర పట్టనంత గట్టిగా అమర్చమని అడుగుదామంది.

చక్రపాణి లేచాడు.

"మూడేళ్లుగా పని నుంచి ఇంటికెళ్తే నా కూతుర్ని నిద్రలోనే చూశానండీ. ఇప్పుడు మెలకువగా చూస్తున్నాను. ఆ పట్టీల జోలికి వెళ్లకండి."

ఆవిడ అతన్ని ఎగాదిగా చూసింది. "మరి మావాణ్ణి ఏం చేయమంటారు?"

"మా వీధికి తీసుకురండి. ఆడి ఆడి వాడే పడుకుంటాడు."

మర్నాడు సాయంత్రం వీధిదీపం కింద తొక్కుడుబిళ్ల ఆడుతూ గీత తొక్కింది కరీమున్నీసా. ఔటయ్యానని మాత్రం ఒప్పుకోలేదు. పిల్లలంతా చుట్టూ మూగి, తొక్కావంటే తొక్కావని గోల పెట్టారు. ఆ గోలకు వీధిలో ఒక్కో తలుపే తెరుచుకుని, చెప్పుల్లో కాళ్లు దూరుస్తూ మరికొందరు నాన్నలు బయటికొచ్చారు.