చెల్లని పరీక్ష

డ్రైవింగ్ స్కూల్లో నా దగ్గర చేరిన సైకాలజిస్టుగారు ఆ రోజు కూడా రివర్స్ చేస్తూ నేరుగా గోడనే ఎంచుకుంది. నా ఓపిక అక్కడితో అయిపోయింది.

"ఇంత చదివారు, తెలివి ఎటు పోయిందండీ?"

"తెలివంటే ఏంటో ముందు మీరు చెప్పండి," అంది తాపీగా.

నాకేం తెలుసు? తనే మొదలుపెట్టింది. లెక్కల్లో చురుకైనవాళ్ళు మాటల్లోనూ, బొమ్మల్లోనూ చురుగ్గానే ఉంటారట. అన్నిటి వెనకా ఒకటే శక్తి ఉందని కొందరంటారట, కాదు తెలివి రకరకాలని ఇంకొందరట. ఈ గోల వారం రోజులు నా కార్లోనే నడిచింది.

"గోడని గుద్దేది ఏ రకం?" అన్నాను విసుగ్గా.

"శనివారం మా మేడమ్ ముందు ఒకరికి తెలివి పరీక్ష పెట్టి చూపించాలి. తప్పు లేకుండా పెడితేనే ఉద్యోగం. వస్తానన్నాయన ఎగ్గొట్టాడు. మీరు రండి, మీ రకమేంటో చూద్దాం."

వెళ్ళాను. పక్కగదిలో అద్దం వెనక మేడమ్, బల్ల మీద స్టాప్‌వాచ్, ఎర్రవీ తెల్లవీ చెక్క ముక్కలు. బొమ్మలో ఉన్నట్టు వాటిని పేర్చాలి. కార్లో నోరు మూయని మనిషి ఇక్కడ రాయిలా కూర్చుంది.

"ఇది కరెక్టేనా?"

"తరవాతది చేయండి."

చివరి బొమ్మ దగ్గర ఒక ముక్క ఎటు తిప్పినా కుదరలేదు. తీశాను, మళ్ళీ పెట్టాను, మళ్ళీ తీశాను. అంతలో తన వేలు వచ్చి ఆ ముక్కని సరిగ్గా తిప్పింది.

మేడమ్ లోపలికి వచ్చారు. "పెట్టేవాళ్ళే చెయ్యి వేస్తే ఆ స్కోరుకి విలువేముంది? ఫెయిల్."

వరండాలో నాకు ఒళ్ళు మండిపోయింది. "నాకు రాకపోతే రాలేదని రాసుకోవచ్చుగా? ఉద్యోగం పోగొట్టుకుంటారా?"

"ఎంతమంది తప్పు చేసినా కదలకుండా కూర్చున్నాను. మీరు తికమకపడుతుంటే చూడలేకపోయాను," అంది చిరాగ్గా, కళ్ళు తుడుచుకుంటూ. "అయినవాళ్ళకి ఈ పరీక్ష పెట్టకూడదని మాకో రూలుంది. పెట్టినా చెల్లదు. పొద్దున్నే తట్టి ఉండాల్సింది నాకు."

"నేనెప్పుడు అయినవాణ్ణయ్యాను?"

"నాకూ ఇప్పుడే తెలిసింది. విసిగించకండి."

ఎంత సంతోషమేసిందో అంత విసుగూ వచ్చింది. "చెల్లని పరీక్షలో ఫెయిలేంటి? ఆ మాటేదో మేడమ్‌కి చెప్పొచ్చుగా?"

తను నన్ను కొరకొరా చూసి, తలుపు తోసింది. "మేడమ్, ఈ పరీక్ష చెల్లదు. ఈయన నా మనిషి."

మేడమ్ కళ్ళజోడు తీశారు. "అద్దంలోంచి చూస్తూనే ఉన్నానమ్మా. సోమవారం ముక్కూమొహం తెలియనివాళ్ళని తీసుకురా." తర్వాత నావైపు తిరిగారు. "మీరు మాత్రం ఈ చుట్టుపక్కలకి రాకండి."