ఐదో దీపం

రన్‌వే మొదలుకు కాస్త ముందు కందకం. అందులో ముక్కు గుచ్చుకుని కాలిపోయిన చిన్న విమానం. లోపల పైలట్. బెల్టు విప్పుకోబోతూనే బొగ్గయిపోయాడు.

ఉదయం ఏడింటికి ఇన్‌స్పెక్టరమ్మ వచ్చింది. స్టేషన్‌లో చాటుగా ఆమెను జలగ అంటారు. పట్టిందంటే వదలదు. ఆ పేరు ఆమెకూ తెలుసు, లోలోపల ఇష్టం కూడా.

అప్పటికే మెకానిక్ చేతులకు బేడీలు పడ్డాయి. వేయించినవాడు ఫ్లయింగ్ స్కూల్ చీఫ్ కెప్టెన్, పోయినవాడి సొంత అన్న.

"రాత్రి దిగేటప్పుడు విమానం ముందు లైటు వెలగాలి మేడమ్. అది రూల్. వెలగలేదు. అందుకే తమ్ముడికి కందకం కనబడలేదు. ఈ వెధవ బల్బు చూసుకోలేదు."

"నిన్ననే కొత్తది వేశానండీ! నా పిల్లల మీద ఒట్టు!" మెకానిక్ బేడీల చేతులు జోడించాడు.

జలగ కెప్టెన్ వైపు తిరిగింది.

"మీరెక్కడున్నారు?"

"ఇక్కడే. రాత్రి ఎవరు ఎగిరినా రన్‌వే మొదట్లో ఒకరు జీపులో మంటలార్పే ఫైర్ బాటిల్‌తో ఉండాలి. నిన్న నా వంతు."

"తోడు?"

"ఎవరూ లేరు. మిగతావాళ్లంతా అదిగో, దూరంగా ఆ హ్యాంగర్ షెడ్డులో ఉన్నారు."

"రన్‌వే మొదట్లో అడ్డంగా వరసగా పెట్టిన ఈ బ్యాటరీ దీపాలు?"

"ఆరూ పచ్చగా వెలిగాయి. ఆ వరస దాటాకే చక్రాలు నేల తాకాలి. వాడు దిగేదాకా కళ్లారా చూశాను. తర్వాత నేనే ఆర్పాను. అప్పట్నుంచి ఒక్కణ్ణీ ముట్టుకోనివ్వలేదు."

అడిగింది గోరంత, చెప్పింది కొండంత. జలగ జీపులోకి తొంగి చూసింది. ఫైర్ బాటిల్ సీలు తీయలేదు.

"వాడలేదేం?"

"వెళ్లేసరికే అంతా అయిపోయింది."

రేడియో గదిలో పైలట్ భార్య ఇంకా సెట్ ముందే కూర్చుని ఉంది. రాత్రి డ్యూటీ ఆమెదే.

"లైటు వెలిగిందా అమ్మా?"

"వెలిగింది. కిటికీలోంచి చూశాను."

"దీపాలు?"

"ఎగిరే ముందు ఆయనే వరసంతా నడిచి చూసొచ్చారు. అన్నీ సరిగ్గా ఉన్నాయన్నారు. కూలాక కూడా బతికే ఉన్నారు మేడమ్. 'అన్నయ్యా, బెల్టు రావట్లేదు' అని రేడియోలో పిలిచారు. మూడుసార్లు. జీపు రేడియోలోంచి బావగారు 'వస్తున్నాన్రా' అన్నారు."

"అన్నదమ్ములు బాగుండేవాళ్లా?"

"బావగారికి చీకట్లో చూపు ఆనడం లేదని రాత్రి ఎగిరే లైసెన్స్ తీసేశారు. వచ్చే నెల నుంచి ఈయనే చీఫ్." ఆమె నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది.

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. జలగ ఈశ్వరుడికి వదిలిపెట్టే రకం కాదు.

పొద్దుగుంకాక అందరినీ దీపాల దగ్గరికి రమ్మంది. బేడీలతో మెకానిక్‌నీ తెచ్చారు.

"వీటికి రెండు ముఖాలు. దిగే పైలట్‌కి ఆకుపచ్చ, వెనకవైపు ఎరుపు. ఆర్పితే రెండు వైపులా ఒకేలాంటి తెల్ల గాజు. పొద్దున మావాళ్లు ఫోటోలు తీశారు గానీ ఎవరూ వెలిగించి చూడలేదు. మొదట నాకూ తట్టలేదు."

పైలట్ దిగే వైపు నిలబడి ఒక్కొక్కటే వెలిగించింది. పచ్చ. పచ్చ. పచ్చ. పచ్చ.

ఐదోది ఎర్రగా వెలిగింది.

"ఎవరిదో కాలు తగిలి తిరిగుంటుంది" అన్నాడు కెప్టెన్.

"ఎవర్నీ ముట్టుకోనివ్వలేదన్నది మీరేగా? ఆరూ పచ్చగా చూశానన్నదీ మీరే. తమ్ముడు గాల్లో ఉండగా ఈ వరసను కందకం అవతల పరిచారు. అదే రన్‌వే అనుకుని అతను అక్కడ దిగాడు, ఆపుకునేలోపే కందకంలో పడ్డాడు. హ్యాంగర్‌లోవాళ్లు పరిగెత్తుకొచ్చేలోపే మళ్లీ ఇక్కడ సర్దాలి. వెలుగుతూ కదిలితే వాళ్లకు కనబడతాయి. అందుకే ఆర్పి, చీకట్లో తడుముకుంటూ పెట్టారు. ఒకటి తిరగబడింది. మీకు చూపు ఆనలేదు."

మెకానిక్ బేడీలు విప్పుతుంటే కెప్టెన్ తలెత్తలేదు.

పైలట్ భార్య ఎదురుగా వచ్చి నిలబడింది.

"ఆయన మూడోసారి పిలిచినప్పుడు మీరేం చేస్తున్నారు బావగారూ?"

అతను ఎర్ర దీపం వైపు చూశాడు.

"దీన్నే పెడుతున్నానమ్మా."