హాజరుపట్టీలో నాలుగో పేరు

కోక్-కియా అనే కొండ ఊళ్ళో పోలీస్ స్టేషన్ వంటగదిలో నూనె కాగుతోంది. సాయంత్రం ఐదు కూడా కాలేదు, అప్పుడే కనుమ మీద వెలుగు పోయింది. బయట సన్నగా మంచు. అసిల్‌కాన్ బాణలిలో రొట్టె వేస్తుంది, కిటికీ దగ్గరికి పోతుంది, మళ్ళీ వచ్చి తిరగేస్తుంది. పొద్దున్నుంచీ కాలుగాలిన పిల్లిలా ఇదే వరస.

ఏటా నవంబరులో ఒకరోజు, డ్యూటీలో పోయిన పోలీసుల కోసం ఇక్కడ ఏడు రొట్టెలు వేయించి హాజరు పిలుస్తారు. పోయినవాళ్ళ పేర్లే. ఒక్కో పేరుకీ బతికున్నవాడొకడు "వరసలో ఉన్నాడు" అని బదులివ్వాలి. అలా అంటేనే ఆ మనిషి పోయినవాళ్ళలో కలుస్తాడు, నూనె వాసన అతనికి చేరి కడుపు నిండుతుంది. ఇందులో వింతేం లేదు. ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ పోయినవాళ్ళకి పెట్టేది ఈ వాసనే. స్టేషన్‌లో హాజరుపట్టీ ఒక్కటే ఎక్కువ.

అసిల్‌కాన్ మొగుడు దోరోన్‌బెక్ కూడా ఈ స్టేషన్ పోలీసే. ఆయన పేరు మాత్రం మూడేళ్ళుగా అందులోకి ఎక్కలేదు. ఎక్కనిచ్చింది కాదు మహాతల్లి. మంచుతుఫానులో ఇద్దరు గొర్రెలకాపరులు చిక్కుకుంటే వెతకడానికి వైర్‌లెస్ పట్టుకుని కనుమ ఎక్కాడాయన. కాపరులు ఆయన చూపించిన దారినే దిగొచ్చారు. ఆయన రాలేదు. శవమూ దొరకలేదు.

నిన్న అత్తగారు మంచంలోంచే ఆమె చెయ్యి పట్టుకుంది. "రోజూ కల్లోకొస్తున్నాడే. ఆకలంటున్నాడు. పిలిపించవే వాణ్ణి."

సరేనంది. అలా అన్నప్పట్నుంచీ మనసు మనసులో లేదు. పోయినవాడైతే ఆకలితో ఉంటాడు, నిజమే. పోనివాడైతే? బతికున్న మనిషిని చచ్చినవాళ్ళలో కలిపితే ఏమవుతుంది? అడగడానికి నోరు రాలేదు.

"రా మరదలా," కెప్టెన్ తోక్తోసున్ గుమ్మంలోంచి పిలిచాడు. "నూనె దించకు, వాసన రానీ."

"బావగారూ, ఈ ఒక్క ఏడూ వదిలేస్తే..."

"మూడేళ్ళు వదిలేశాం కదమ్మా. వాడు నీకొక్కదానికేనా? మాకు మాత్రం కాడూ?"

హాల్లో ఐదుగురు వరసగా నిలబడ్డారు. చివర్న ఎర్మెక్. దోరోన్‌బెక్ తిరిగిన ఊళ్ళన్నీ ఇప్పుడు అతనే చూస్తున్నాడు. ఆయన పేరుకి బదులివ్వాల్సిందీ అతనే.

"టోపీ సరిగ్గా పెట్టుకోరా," అన్నాడు కెప్టెన్. "షర్షెన్ ఉంటే చెవి మెలేసేవాడు." ఎవరో కిసుక్కుమన్నారు. కెప్టెన్ హాజరుపట్టీ తెరిచాడు.

"మంబెతాలి."

వాగులోంచి తొమ్మిదిమంది బడిపిల్లల్ని లాగి, పదోవాడితో పాటు కొట్టుకుపోయినవాడు.

"వరసలో ఉన్నాడు."

"షర్షెన్."

మొగుడూపెళ్ళాల తగువైతే కేసు రాయకుండా టీ పెట్టించుకుని మూడు గంటలు కూర్చునేవాడు. గుర్రాల దొంగలు కాల్చేశారు.

"వరసలో ఉన్నాడు."

"కాలిక్."

"వరసలో ఉన్నాడు."

కెప్టెన్ గుమ్మంలో నిలబడ్డ అసిల్‌కాన్ వైపు ఓసారి చూశాడు.

"దోరోన్‌బెక్."

ఎర్మెక్ నోరు తెరిచాడు. వంటగదిలోంచి మాడు వాసన... నూనె చిటపటలు...

గోడకున్న వైర్‌లెస్ సెట్టు గరగరలాడింది.

"...ఉన్నాను."

అందరి తలలూ సెట్టు వైపు తిరిగాయి.

"కింద లైటు కనిపిస్తోంది..." రొప్పుతున్న గొంతు. "ఇంకో రెండు మలుపులే... వస్తున్నా..."

ఆయనే. పొగాకుతో బొంగురుపోయిన ఆ గొంతు అసిల్‌కాన్‌కి తెలీదూ? సెట్టు మీద పడింది.

"ఏమండీ... రండి... నెమ్మదిగా రండి..."

"మాట్లాడకు," కెప్టెన్ గుసగుసలాడాడు. "ప్రేతం అది. చచ్చినవాడితో మాట కలపకూడదు. ఎర్మెక్, అనెయ్. పేరు పిలిచి వదిలేస్తే ఇంట్లోకొచ్చేస్తాడు. అనెయ్ రా."

"వద్దు..." అంది ఆమె.

ఎర్మెక్ కళ్ళు మూసుకున్నాడు. "వ... వరసలో ఉన్నాడు."

సెట్టులో రొప్పు ఆగిపోయింది.

కాసేపు గరగర. తరవాత, ఏమీ అర్థంకానట్టు, నెమ్మదిగా...

"అసిల్‌కాన్... అలా ఎందుకన్నారు?"

అంతే.

ఆమె తలుపు తోసుకుని పరిగెత్తింది. టార్చిలైట్లతో వెనకే అందరూ. రెండో మలుపులో, బండ పక్కన, దారికి అడ్డంగా పడున్నాడు దోరోన్‌బెక్. గడ్డం గుండెల దాకా పెరిగింది. బూట్లకి అడుగులు లేవు, అరిగిపోయాయి. చేతిలో వైర్‌లెస్.

ఎర్మెక్ అక్కడే కూలబడి ఏడవడం మొదలుపెట్టాడు.

కెప్టెన్ వంగి చూశాడు. చాలాసేపటికి లేచాడు. "మూడేళ్ళ నాటి శవమమ్మా," అన్నాడు, ఎవరి కళ్ళలోకీ చూడకుండా. "మంచులో ఒళ్ళు చెడదు. చరియ జారి ఇప్పుడు బయటపడ్డాడు. అంతే. అంతే కదరా?"

అందరూ అంతేనన్నారు.

అసిల్‌కాన్ భర్త తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. బండ మీద మంచు పేరుకుంటోంది. బూట్ల మీద పేరుకుంటోంది. ఆయన మొహం మీద మాత్రం పడ్డది పడ్డట్టే కరిగిపోతోంది.