బామ్మ కిటికీ కింద మందారం

"ఆగండాగండి! ఆ పార ఇంకొక్క అంగుళం దిగిందో, మీ పని చెప్తాను!"

పెరట్లో బండలు పరచడానికి వచ్చిన మేస్త్రీ పారని గాల్లోనే ఆపేశాడు. పొద్దున్నే ఇంత ముద్దుగా అతన్ని ఎవరూ తిట్టలేదు. ఎదురుగా ఓ అమ్మాయి, ఒక కాలికి చెప్పు, ఇంకో కాలికి బూటు, చేతిలో సగం తాగిన కాఫీ.

"ఏమైందండీ?"

"అక్కడ మొక్క ఉంది."

కిందికి చూశాడు. తడిమట్టిలో జానెడేసి ఎండుపుల్లలు నాలుగు.

"ఎక్కడండీ?"

"మీ కళ్ళ ముందే! హార్డీ హైబిస్కస్. చలికి తట్టుకునే మందారం. చలికాలం పైనంతా ఎండిపోతుంది, కింద వేరు బతికే ఉంటుంది. మిగతా మొక్కలన్నీ చిగురించాక, తీరిగ్గా లేస్తుంది. పువ్వు ఒక్కోటి పళ్ళెమంత."

"పళ్ళెమంతా!"

"నమ్మకపోతే మానేయండి. తవ్వకుండా ఉంటే అదే పదివేలు."

అమ్మాయి ఆసుపత్రి ల్యాబ్‌లో రక్తం తీస్తుంది. రోజూ సూదులు గుచ్చి గుచ్చి మాటకి కూడా ఆ వాడి వచ్చేసిందనుకున్నాడు మేస్త్రీ. అయినా మర్నాడు గంట ముందే పనిలోకి వచ్చాడు. ఎందుకొచ్చాడో మీకు నేను చెప్పాలా?

ఆ ఇంట్లో ఉండేది ఆమె, వాళ్ళ బామ్మ, అంతే. మంచు కురిసే రోజుల్లో బామ్మ జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. వాకర్ పట్టుకుని నడిచేందుకు వీలుగా గుమ్మం నుంచి గేటుదాకా చదునైన దారి వేయాలి. మేస్త్రీ వచ్చింది అందుకే. ఆ మందారం బామ్మ తన చేతులతో నాటుకున్నది. మంచం కిటికీ దగ్గరికి జరిపించుకుని రోజూ అక్కడికే చూసేది.

"వచ్చిందటే?"

"ఇంకా లేదు బామ్మా."

"డాక్టరు నన్ను నడవమంటాడు. అది లేస్తే నేనూ లేస్తానని చెప్పు."

పక్కింటి గులాబీలు మొగ్గ తొడిగాయి. దారి సగమయ్యింది. పుల్లల దగ్గర మాత్రం ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఒకరోజు బామ్మ అడగడం మానేసి గోడవైపు తిరిగి పడుకుంది. అమ్మాయి బండల గుట్ట మీద కూర్చుని, ఎవరూ చూడట్లేదనుకుని ఏడ్చింది.

మేస్త్రీ చూశాడు. అతని మనసు కరిగి నీరైపోయింది.

మర్నాడు ఆమె ల్యాబ్‌కి వెళ్ళగానే పూలతో సహా ఓ మందారం కొనుక్కొచ్చాడు. పుల్లల పక్కనే గొయ్యి తీశాడు. పారకి గట్టిగా ఏదో తగిలింది. రాయి కాబోలనుకుని పారని కాలితో ఒక్క తొక్కు తొక్కాడు. మొక్క నాటి, నీళ్ళు పోసి, పెళ్ళికొడుకులా నిలబడ్డాడు.

అమ్మాయి వస్తూనే పరుగెత్తింది. ముఖం వెలిగిపోయింది. ఆకు పట్టుకు చూడగానే ఆ వెలుగు ఆరిపోయింది.

"ఇది షాపు మందారం. ఆకు చూడండి, ఎంత నున్నగా ఉందో. చలి తగిలితే చచ్చిపోతుంది. తవ్వేటప్పుడు ఏమైనా తగిలిందా?"

"ఓ రాయి..."

"రాయి కాదండీ, వేరు మొదలు! నడిమికి నరికేశారు!"

"మీరు ఏడుస్తుంటే చూడలేక..."

"జాలిపడి అబద్ధం నాటమని మిమ్మల్ని ఎవరడిగారు? పొరపాటున కూడా నాతో మాట్లాడకండి!"

మేస్త్రీకి ఆ రోజు అన్నం సయించలేదు. అది లేవకపోతే బామ్మ లేవదు. బామ్మ లేవకపోతే ఈ అమ్మాయి జన్మలో తన ముఖం చూడదు. అయినా పని ఎగ్గొట్టలేదు. షాపు మందారాన్ని కుండీలోకి మార్చి బామ్మ కిటికీలో పెట్టాడు. పుల్లల చుట్టూ మట్టి వదిలేసి, దారిని పక్కనుంచి వంపు తిప్పాడు. నోరెత్తకుండా రోజూ నీళ్ళు పోశాడు. ఆమె చూసీ చూడనట్టు వెళ్ళేది. కానీ అతను వచ్చే వేళకి గుమ్మం దగ్గర ఓ కాఫీ కప్పు ఉండేది. ఎవరు పెట్టారో అడిగే ధైర్యం అతనికి లేదు.

ఆఖరి బండ పరుస్తుండగా కనిపించింది. మట్టిలోంచి ఎర్రటి ముక్కు.

"ఏమండీ! రండి! ముక్కు... మొలక!"

అమ్మాయి పరుగున వచ్చి మోకాళ్ళ మీద కూలబడింది. పార దిగిన చోటికి ఇటో గుంపు, అటో గుంపు. మొలకలే మొలకలు. ఆమె నవ్వుతోందో ఏడుస్తోందో ఆమెకే తెలియలేదు.

వెనకాల టక్ టక్ మని చప్పుడు. బామ్మ! వాకర్ పట్టుకుని, కొత్త దారి మీద, ఒక్కతే!

"నరికినా మంచే జరిగిందిలే. ఒకటి రెండయ్యింది," అంది బామ్మ ఆయాసపడుతూ. "కానీ రెండూ ఒకే గుంటలో ఇరుక్కుంటే దేనికీ బలం చాలదు. ఒకదాన్ని వేరే ఇంటికి పంపాలి."

"మా పెరట్లో ఎండ బోలెడండీ," అన్నాడు మేస్త్రీ చటుక్కున.

"మీకా! మళ్ళీ రాయనుకుని తొక్కేస్తారు," అంది అమ్మాయి. "నేను రోజూ వచ్చి చూసుకోవాలంటే దూరం."

"రోజూ రావడమెందుకండీ? వచ్చి... ఉండిపోతే సరి."

అనేశాడు. అన్నాక చెవులదాకా ఎర్రబడ్డాడు. అమ్మాయి మొలకల మీంచి చూపు తిప్పలేదు.

"బామ్మని వదిలి ఎలా వస్తాననుకున్నారు?"

"వదలమని ఎవరన్నారు? మా గుమ్మానికి మెట్లుండేవి. పగలగొట్టి, వాకర్ ఎక్కేలా ఏటవాలుగా కట్టాను. ఎవరికోసంరా అని మా అమ్మ అడిగితే నీళ్ళు నమిలాను."

బామ్మ కళ్ళు చిట్లించింది. "ఎప్పుడు కట్టావు బాబూ?"

"పోయిన వారం."

"మొలక కనబడింది ఇవాళే కదా?"

"అవునండీ. అది రాకపోయినా... మీరు లేస్తారని నాకు నమ్మకం."

అమ్మాయి అప్పుడు తలెత్తింది. సూటిగా అతని కళ్ళలోకి చూసింది.

"మెట్లు పగలగొట్టే ముందు నన్నో మాట అడగాలనిపించలేదా?"

"ఇప్పుడు అడుగుతున్నాను."

"నేనెప్పుడో ఒప్పుకున్నాను. మిమ్మల్ని తిట్టిన రెండో రోజే. అడిగే దిక్కు లేక ఊరుకున్నాను."

"కబుర్లు తర్వాత," అంది బామ్మ, వాకర్‌ని గేటువైపు తిప్పుతూ. "ముందు ఆ ఏటవాలు నేను ఎక్కి చూడాలి. కాలు జారిందో, సంబంధం లేదు!"

ఇద్దరూ చెరోవైపు ఆమె భుజం పట్టుకున్నారు.