తాఖీదు తల ఆనించిన చోట

ఆ సందు చివరి మేడ పక్కనుంచి రాత్రిపూట ఎవరూ నడవరు. తప్పనిసరై నడిచినా ఊపిరి బిగబట్టుకుని, అవతలి గోడకి రాసుకుంటూ పోతారు.

ఒకప్పుడు అది ముసలి డాక్టరుగారి ఇల్లు. ఆయన పోయాక తాళం పడింది. తాళానికి తుప్పు పట్టింది. కిటికీ అద్దాలు ఒక్కొక్కటే రాలిపోయాయి. ఇంతవరకూ ఏ ఖాళీ ఇంటికైనా జరిగేదే. కానీ చీకటిపడే వేళ ఆ ఇంటివైపునుంచి ఒక ఆడగొంతు వినిపించేదట...

"బంగారం... బంగారం..."

అంతే. ఇంకో మాట ఉండేది కాదు. డాక్టరుగారి భార్య దయ్యమై తన నగలు వెతుక్కుంటోందని సగం వీధి అనేది. ఆ నగలేవో ఎక్కడున్నాయో తెలిస్తే మనమే వెతికిపెడదామని మిగతా సగం అనేది. ఆ పిలుపు వచ్చేది మేడమీది కిటికీలోంచేనని పాలవాడు ఒట్టేసి మరీ చెప్పేవాడు.

గొంతు సంగతి అలా ఉంచితే, అంతకంటే పెద్ద భయం కుక్క.

నల్లకుక్క. ఒక చెవి నిక్కబొడుచుకుని, ఇంకో చెవి వాలిపోయి ఉంటుంది. డాక్టరుగారు బతికున్న రోజుల్లో ఆయన వెంట రోగుల ఇళ్ళకి వెళ్ళేది. ఆయన పోయిన కొన్నాళ్ళకే అదీ పోయిందన్నారు. మరి పోతే, రాత్రిళ్ళు ఆ గేటు దగ్గర కూర్చుని కనిపించేది ఏమిటి?

వీధివాళ్ళు దానికి 'తాఖీదు' అని పేరు పెట్టారు. అది ఏ గడప ఎక్కితే ఆ ఇంటికి పైనుంచి తాఖీదు వచ్చినట్టే. గోదాము కాపలాదారు అరుగుమీద పడుకుని ఉంటే వచ్చి గుండెమీద గడ్డం ఆనించింది. ఆయన మళ్ళీ జీతం రోజు చూడలేదు. సంగీతం మాస్టారి వీపుకి తల ఆనించింది. "ఉత్త దగ్గే" అన్నాడాయన. ఉత్త దగ్గు కాదు.

ఇదంతా నాకు చెప్పింది మా బాబాయి. పిన్ని మొగుడు. దర్జీ. నోట్లో గుండుసూదులు పెట్టుకుని కూడా మాట ఆపని మనిషి. లోకంలో ఆయనకి భయమల్లా రెండిటికే. ఒకటి కుక్కలు, రెండు మా అమ్మమ్మ. చిన్నప్పుడు ఒక కుక్క ఆయన్ని కరిచింది. అమ్మమ్మ కరవలేదుగానీ, ఆయన ఇంట్లోనే ఉంటుంది.

ఆ రోజు పొద్దున్నే ఇవ్వాల్సిన సూటు ఒకటి ఉండి, బాబాయి కొట్టు కట్టేసరికి బాగా పొద్దుపోయింది. వాన. రోజూ వెళ్ళే పెద్దరోడ్డుని పైపులకోసం తవ్వి పడేశారు. ఇంటికి మిగిలిన దారి ఒక్కటే. ఆ సందు.

మెడలో టేపు అలాగే వేలాడుతోంది. చంకలో మీటరు బద్ద. పొద్దున్న దాంతో ఇంట్లో ఏదో కొలత చూడాలట. ఒక చేత్తో గొడుగు, ఇంకో చేత్తో టార్చి. సగం సందు దాటేసరికి టార్చి కళ్ళు మూసింది.

మేడ పక్కకి వచ్చాడు. చూడకూడదనుకున్నాడు. చూశాడు.

గేటు దగ్గర... నేలకి కాస్త ఎత్తులో... రెండు పచ్చటి కళ్ళు.

"నేను దర్జీని," అన్నాడు బాబాయి. ఎందుకన్నాడో ఆయనకే తెలీదు.

కళ్ళు లేచి నిలబడ్డాయి.

ఆయన నడక పెంచాడు. వెనకాల నీళ్ళలో టపటపమని చప్పుడు. ఆగాడు... చప్పుడూ ఆగింది. ఇంకో అడుగు వేశాడు. తడిసిన ముక్కు ఏదో చొక్కా అంచుకి తగిలింది. ఒక్కసారి గట్టిగా వాసన చూసింది. అక్కణ్ణుంచి ఇంటిదాకా తన కాళ్ళు నేలమీద ఆనలేదంటాడు బాబాయి. గొడుగు ఎక్కడ వదిలేశాడో ఇప్పటికీ తెలీదు.

తలుపు తీసింది అమ్మమ్మ. అల్లుడి భుజం మీదుగా చూసింది.

"తాఖీదు!" అని అరిచి, అల్లుణ్ణి లోపలికి లాగి గడియ పెట్టింది.

బయట తలుపుమీద గీరుడు. కర్... కర్...

"ఎవరికొచ్చిందంటారు, అత్తయ్యగారూ?" గుసగుసగా అడిగాడు బాబాయి.

"ఎవరికేమిటి నాయనా, నాకే. పండుటాకుని నేనుండగా మీ జోలికెందుకొస్తుంది?" అమ్మమ్మ గొంతులో కాస్త దర్జా కూడా ఉంది. "నా మంచం కిటికీ దగ్గరికి జరిపించు. ఉన్నన్నాళ్ళూ గాలైనా పీల్చుకుంటాను."

"లేదండీ, నా వెనకే వచ్చింది. నాకే వచ్చింది."

"నీ వెనకొస్తే నీకేనా? పోస్టుమాన్ వెనకొచ్చే ఉత్తరాలన్నీ పోస్టుమాన్‌వేనా?"

ఇలా బాబాయి చావు కోసం కూడా అత్తగారితో వాదించి ఓడిపోతున్నాడు పాపం. ఇంతలో గీరుడు ఆగిపోయింది.

ఇద్దరూ చెవులు రిక్కించారు. వాన చప్పుడు తప్ప ఏమీ లేదు.

"పోయింది," అన్నాడు బాబాయి.

"వంటింటి తలుపు వేసి ఉందా?" అంది అమ్మమ్మ.

లేదు.

లోపలిగదిలో పిన్ని పడుకుని ఉంది. నాలుగైదు రోజులుగా ఆవిడకి ఒంట్లో బాగుండటం లేదు. తిన్నది ఇమడదు, నిలబడితే కళ్ళు తిరుగుతాయి. వంటింట్లోంచి ఆ గదివరకూ నేలమీద తడి అడుగులు... బాబాయి మీటరు బద్ద ఎత్తి పట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు. వచ్చినవాడు వచ్చినట్టే నిలబడిపోయాడు.

పిన్ని వెల్లకిలా పడుకుని నిద్రపోతోంది. కుక్క ముందుకాళ్ళు మంచమ్మీద పెట్టి, ఆవిడ పొట్టమీద గడ్డం ఆనించి, కళ్ళు మూసుకుని ఉంది.

బద్ద చేతిలోంచి జారిపోయింది.

అప్పటిదాకా నాకంటే నాకని పోట్లాడుకున్న ఇద్దరిలో ఎవరూ పిన్ని సంగతి అనుకోనేలేదు. కుక్కలంటే పక్కవీధిలోకి పారిపోయే మా బాబాయి, ఆ కుక్క ముందు మోకాళ్ళమీద కూలబడ్డాడు. రెండు చేతులూ జోడించాడు.

"దాన్ని వదిలెయ్యి," అన్నాడు. "నన్ను తీసుకుపో. ఇప్పుడే వస్తాను. చెప్పులు కూడా వేసుకోను."

కుక్క ఒక కన్ను తెరిచి చూసింది. మళ్ళీ మూసుకుంది.

ఆ మాటలకి పిన్ని కదిలింది. చెయ్యి చాచి, కుక్క తల నిమిరి, నిద్రమత్తులోనే సన్నగా పిలిచింది.

"బంగారం..."

ఆ పిలుపు! అమ్మమ్మ గోడ పట్టుకుంది.

"బంగారం! నువ్వెలా వచ్చావే?" అంటూ పిన్ని పూర్తిగా లేచి కూర్చుంది. మొగుణ్ణి చూసింది, తల్లిని చూసింది. నాలిక కరుచుకుంది.

మెల్లిగా సంగతంతా బయటపడింది. ఆ కుక్క పోలేదు. డాక్టరుగారు పోయాక తిండి పెట్టే దిక్కులేక అక్కడే పడి ఉంది. పిన్ని రోజూ చీకటిపడే వేళకి, మిగిలిన బ్రెడ్డుముక్కలు కాగితంలో చుట్టుకుని వెళ్ళి పెట్టి వస్తోంది. మొగుడికి కుక్కలంటే పడదని చెప్పలేదు. ఒంట్లో బాగాలేక ఈ నాలుగైదు రోజులూ వెళ్ళలేదు. ఆకలిమీదున్న కుక్కకి బాబాయి చొక్కాలో పిన్ని చేతి వాసన తగిలింది. వెంటబడి వచ్చేసింది.

"అయితే ఈ వీధినంతా దడిపించిన దయ్యం నా పెళ్ళామా!" అన్నాడు బాబాయి. "ఆ మేడమీదికి ఎక్కి మరీ పిలవకపోతే ఏం?"

"మేడమీదికా?" పిన్ని వింతగా చూసింది. "తాళం వేసిన ఇంట్లోకి నేనెలా వెళ్తానండీ? ఎప్పుడూ గేటు బయటినుంచే పిలుస్తాను."

బాబాయి ఆ విషయం ఇంక పొడిగించలేదు.

అయినా అసలు భయం తీరలేదు కదా. కుక్కని దించితే దిగుతుంది, మళ్ళీ వచ్చి సరిగ్గా అక్కడే, పొట్టమీదే గడ్డం ఆనిస్తుంది. కాపలాదారు గుండె, మాస్టారి వీపు... ఆ రాత్రి బాబాయి పిన్ని చెయ్యి వదల్లేదు. ఇకమీద తన ఎంగిలిపళ్ళెం తనే కడుక్కుంటానన్నాడు. అత్తగారి మాటకి ఎదురు చెప్పనన్నాడు.

"మీకేమైనా జ్వరం తగిలిందా?" అంది పిన్ని.

తెల్లారగానే ముగ్గురూ కలిసి కొత్తగా వచ్చిన డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళారు. కుక్క పిలవకుండానే వచ్చి బయట మెట్లమీద కూర్చుంది. లోపల పరీక్షలు చేస్తున్నంతసేపూ బాబాయి మెడలో టేపుని వేలికి చుట్టడం, విప్పడం, మళ్ళీ చుట్టడం.

డాక్టరమ్మ తెర తొలగించుకుని వచ్చింది.

"ఎన్నాళ్ళనుంచి అనుమానం మీకు?"

"రాత్రి నుంచండీ," అన్నాడు బాబాయి. "కుక్క... పొట్టమీద..."

"మీ కుక్క మీకంటే నయం. మూడో నెల."

"ఏమిటండీ మూడో నెల?"

డాక్టరమ్మ ఆయన మొహంకేసి చూసి నవ్వు ఆపుకోలేకపోయింది. "తండ్రి కాబోతున్నారు మహానుభావా!"

పెళ్ళై పద్దెనిమిదేళ్ళు. ఇద్దరూ ఆ ఆశ ఎప్పుడో మడిచి అటకెక్కించేశారు. నెలలు తప్పితే పిన్ని అది వయసు తెచ్చిన మార్పు అనుకుంది. ఇక బాబాయా? పిన్ని బట్టలు బిగుతవుతున్నాయంటే తన చేత్తోనే కుట్లు విప్పి నడుము వదులు చేశాడు. చేస్తూ, కాస్త తిండి తగ్గించమని సలహా కూడా ఇచ్చాడు.

పిన్ని నవ్వుతూనే ఏడ్చేసింది. బాబాయి బయటికి పరిగెత్తి, మెట్లమీద కుక్క పక్కన కూర్చున్నాడు. కాసేపటికి దాని మెడచుట్టూ చెయ్యి వేసి, దాని చెవిలో మొహం దాచుకున్నాడు. రోడ్డున పోయేవాళ్ళు తాఖీదు దర్జీని పట్టుకుందనుకుని పరుగు లంకించుకున్నారు.

"అయితే నాకోసం కాదన్నమాట," అంది అమ్మమ్మ ఇంటికొస్తూ. ఆ గొంతులో ఉన్నది ఊరటో, చిన్నబుచ్చుకోవడమో ఎవరికీ అంతుపట్టలేదు.

ఆడపిల్ల పుట్టింది. కుక్క ఉయ్యాల కింద మకాం పెట్టింది. తాఖీదు పేరు పోలేదుగానీ, దాన్ని చూసి పారిపోయే వీధి ఇప్పుడు బాబాయి కొట్టుకి వరసకట్టింది. కొత్తగా పెళ్ళైన అమ్మాయిలు కొలతలివ్వాలని వచ్చి, కొలతలిచ్చేసినా కదలకుండా కుక్క ముందు నిలబడేవారు. అది వాసన చూసి అవతలికి పోతే అలిగేవారు కూడా.

పాప గోడ పట్టుకుని నడుస్తున్న రోజుల్లో, ఒక మధ్యాహ్నం కొట్టు నిండా జనం. డాక్టరమ్మ కూడా కోటు వేసి చూసుకోవడానికి వచ్చింది. బాబాయి మిషను తొక్కుతున్నాడు. కుక్క బల్లకిందనుంచి లేచి, అందర్నీ దాటుకుంటూ వచ్చి, బాబాయి నడుముకి కుడివైపు గడ్డం ఆనించింది. కళ్ళు మూసుకుంది.

కొట్టంతా గొల్లున నవ్వింది.

"ఏం మాస్టారూ, మీకెన్నో నెల?" అన్నారెవరో. బాబాయి కూడా పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వుతూ కుక్కని పక్కకి నెట్టాడు. అది మళ్ళీ వచ్చి, సరిగ్గా అక్కడే ఆనించింది.

డాక్టరమ్మ మాత్రం నవ్వలేదు.

"రేపు పొద్దున్నే ఏమీ తినకుండా రండి," అంది.

మూత్రపిండం మీద ఉసిరికాయంత గడ్డ. నొప్పి లేదు, జ్వరం లేదు, బయటికి ఏ గుర్తూ లేదు. ఇంకో ఏడాది పోయాక వచ్చి ఉంటే చెయ్యడానికి ఏమీ మిగిలేది కాదందట డాక్టరమ్మ.

ఇదంతా చెప్పి, బాబాయి నా ముందు చొక్కా పైకెత్తాడు. నడుము పక్కన జానెడు పొడవున ఆపరేషను కుట్టు. దానిమీద వేలితో మెల్లిగా రాసుకుంటూ వెళ్ళి, ఒకచోట ఆగి పెదవి విరిచాడు.

"పనివాడే, కాదనను. కానీ ఇదిగో, ఇక్కడ చూడు... కాస్త ముడత పడనిచ్చాడు."